కొండకూ కృష్ణకూ మధ్య దారి

పిల్లలూ! మీలో విజయవాడ చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. చూడనివాళ్ళు ఆ ఊరి పేరైనా వినే ఉంటారు. ఇవాళ మిమ్మల్ని అక్కడికి తీసుకుపోతాను. గుడికీ, బజారుకీ మీ అమ్మానాన్నలు ఎలాగూ తీసుకుపోతారు. నేను చూపించబోయేది ఒక రోడ్డు. ఆ రోడ్డును తిరిగి కట్టినంతకాలం ఊరి బస్సులు ఏయే దారులు పట్టి తిరిగాయో, ఆ తిరుగుడులో ఎవరికి ఏం కష్టం వచ్చిందో చెబుతాను. మీ ఊళ్ళో కూడా ఎప్పుడో ఒకప్పుడు రోడ్డు తవ్వుతారు గదా! అప్పుడు మీకిది పనికివస్తుంది.

ముందు ఒక కాగితం తీసుకుని పటం వేద్దాం. కాగితం అడుగున అడ్డంగా ఒక నది గీయండి. అది కృష్ణ. నదికి ఆనుకున్నట్టుగా పైన ఒక కొండ వేయండి. అది ఇంద్రకీలాద్రి. కొండమీద కనకదుర్గమ్మ గుడి ఉన్నది. ఎడమచేతివైపు, అనగా పడమటినుంచి, ఒక రోడ్డు గీసి దానిపక్కన "హైదరాబాదు" అని రాయండి. కుడిచేతివైపున పండిట్ నెహ్రూ బస్ స్టేషను, ఇంకాస్త దూరంలో బెంజి సర్కిలు గుర్తుపెట్టండి. ఇప్పుడు హైదరాబాదు రోడ్డును బస్ స్టేషనుకు కలపండి చూద్దాం! మీ పెన్సిలు కొండకూ నదికీ మధ్య ఉన్న సన్నని సందులోంచే పోవాలి. అవునా? కాకపోతే కొండను చుట్టి పైనుంచి రావాలి. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకుంటే, తక్కినదంతా మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ సందు ఎట్లా వచ్చిందో చెప్పే పాతకథ ఒకటుంది. కొండలు అడ్డుగా నిలబడితే కృష్ణవేణి వాటిని తొలుచుకుని, బెజ్జం చేసుకుని సముద్రానికి పోయిందట. ఆ బెజ్జం దగ్గర వెలిసిన ఊరు గనక బెజ్జంవాడ అయిందనీ, అదే బెజవాడ అయిందనీ పెద్దలు చెబుతారు. కథ సంగతి ఎట్లా ఉన్నా, నది అక్కడ రెండు కొండల మధ్యనుంచి వస్తున్నమాట నిజం. ఈ ఒడ్డున ఇంద్రకీలాద్రి, ఆ ఒడ్డున సీతానగరం కొండ.

ఇంజనీర్లకు ఇట్లాంటి చోటంటే ఇష్టం. నదికి అడ్డుకట్ట వేయాలంటే రెండువైపులా గట్టి రాయి ఉండాలి. నది మరీ వెడల్పుగా ఉండకూడదు. అందుకే 1852 నుంచి 1855 వరకు ఇక్కడ ఆనకట్ట కట్టారు. అది పాతబడి దెబ్బతిన్న తరవాత, 1957 నాటికి ఇప్పటి ప్రకాశం బ్యారేజి పూర్తయింది. అది 1,200 మీటర్లకు పైగా పొడవున్నది. బ్యారేజి దగ్గర బయలుదేరే కాలువలవల్లనే కృష్ణా డెల్టా అంతా పచ్చగా ఉన్నది. ఆ కాలువల్లో మూడు—బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ—విజయవాడ ఊరిమధ్యనుంచే పోతాయి.

చూశారా! నీళ్ళకు అంత మేలుచేసిన ఇరుకుచోటు, రోడ్డుకు మాత్రం పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఒక పక్క కొండరాయి, ఇంకొక పక్క నీళ్ళు. రోడ్డును వెడల్పు చేద్దామంటే ఎటు జరుపుతారు?

పైగా అది మామూలు వీధి కాదు. పూనా నుంచి హైదరాబాదు మీదుగా బందరు వెళ్ళే జాతీయ రహదారి అది. ఇప్పుడు దాని నంబరు 65. పూర్వం 9 అనేవారు. కలకత్తా నుంచి చెన్నై వెళ్ళే 16వ నంబరు రహదారి బెంజి సర్కిలు దగ్గర దీన్ని కలుస్తుంది. అంచేత దూరదేశాల లారీలూ, హైదరాబాదు బస్సులూ, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి వైపునుంచి వచ్చే సిటీ బస్సులూ, ఆటోలూ, కూరగాయల బండ్లూ అన్నీ ఆ సందులోంచే దూరేవి. అమ్మవారి దర్శనానికి కాలినడకన వచ్చే భక్తులు కూడా ఆ రోడ్డుమీదనే నడిచేవారు. దసరా పదిరోజులూ ఇక చెప్పనక్కర లేదు. అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండేది కాదు.

ఎటూ జరపలేని రోడ్డును ఏం చేయాలి? పైకి లేపాలి! కొండకింద ఒక పైవంతెన కట్టి, దూరప్రయాణపు బండ్లను దానిమీదుగా పంపి, కిందిదారిని గుడికి వచ్చేవాళ్ళకూ, ఊళ్ళోవాళ్ళకూ వదలాలని నిశ్చయించారు. 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. అప్పటికల్లా వంతెన తయారైతే బాగుంటుందని అందరూ ఆశపడ్డారు గాని, అట్లా జరగలేదు. పని సాగి సాగి, చివరకు 2020 అక్టోబరు 16న కనకదుర్గ వంతెనమీదుగా బండ్లను వదిలారు. సుమారు 2.6 కిలోమీటర్ల పొడవు, ఆరు వరసల రోడ్డు.

ఆ అయిదేళ్ళలో కొండకింది దారిని కొన్నాళ్ళు సగం మూసేవారు, కొన్నాళ్ళు పూర్తిగా మూసేవారు. మరి అన్ని బండ్లూ ఎటు పోవాలి? మీ పటం మళ్ళీ తీయండి.

దూరంనుంచి వచ్చే పెద్ద లారీలను అసలు ఊళ్ళోకి రానివ్వకుండా, ముందే దారి మళ్ళించారు. హైదరాబాదు నుంచి విశాఖపట్నం పోయే లారీ ఇబ్రహీంపట్నం దగ్గర ఎడమకు తిరిగి, మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షనుకు పోయి అక్కడ 16వ నంబరు రహదారి ఎక్కాలి. హైదరాబాదు నుంచి చెన్నై పోయే లారీ ఇంకా ముందే, నార్కెట్‌పల్లి దగ్గరే, కుడికి తిరిగి మిర్యాలగూడ, అద్దంకి మీదుగా పోవాలి. ఈ దారులు చుట్టు. అయినా ఊళ్ళో గంటలతరబడి నిలబడడంకన్నా చుట్టుతిరిగి పోవడమే మేలు.

ఊళ్ళోకి వచ్చి తీరవలసిన బస్సుల సంగతి వేరు. బస్సు ఎక్కడో చుట్టుతిరిగి పోతే అందులోవాళ్ళు దిగేదెట్లా? అందుకని బస్సులను కొండకు అవతలివైపుకు తిప్పారు. విద్యాధరపురానికీ, చిట్టినగరుకూ మధ్య కొండను తొలిచి చేసిన సొరంగం దారి ఒకటుంది. సితారా సెంటరు వైపునుంచి వచ్చి, ఆ సొరంగంలో దూరి, చిట్టినగరు, పంజా సెంటరు మీదుగా బస్ స్టేషనుకు చేరాలి. మొదటిసారి సొరంగంలో పోయిన పిల్లలు కేకలు వేసి సంతోషించారు. నాలుగోనాటికి ఆ సంతోషం పోయింది! ఎందుకంటే, సొరంగం ఇరుకు. చిట్టినగరు, పంజా సెంటరు పాత వీధులు. అవి దుకాణాలకూ, బండ్లమీద సరుకు దింపుకునేవాళ్ళకూ ఉన్న వీధులే గాని, జాతీయ రహదారిని మోయడానికి వేసినవి కావు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక వీధిలోకి నిమిషానికి 30 బండ్లు వస్తున్నాయనుకోండి. ఆ చివర ఉన్న కూడలిలోంచి నిమిషానికి 20 మాత్రమే బయటపడగలవు. నిమిషానికి 10 బండ్లు మిగిలిపోతాయి. అరగంటకు 300. ఒక్కొక్క బండికి, ముందు వెనకల ఖాళీతో కలిపి, 7 మీటర్లు కావాలనుకుంటే, ఆ వరస పొడవు 2,100 మీటర్లు. అంటే రెండు కిలోమీటర్లకు పైగా!

ఇప్పుడు వచ్చే బండ్లు తగ్గాయి. నిమిషానికి 15 మాత్రమే వస్తున్నాయి. పోయేవి అవే 20. అయితే నిమిషానికి అయిదు చొప్పున తగ్గుతూ, 300 బండ్ల వరస తరగడానికి ఎంతసేపు పడుతుంది? 60 నిమిషాలు. అరగంటలో పేరుకున్నది గంటకు గాని కరగలేదన్నమాట. "రద్దీ వేళ దాటిపోయిందిగదా, ఇంకా ఈ గొడవేమిటి?" అని పెద్దవాళ్ళు విసుక్కోవడం మీరు వినే ఉంటారు. జవాబు ఈ లెక్కలో ఉన్నది.

ఇంకొక లెక్క. 50 మంది ఎక్కిన బస్సు రోడ్డుమీద సుమారు 12 మీటర్లు ఆక్రమిస్తుంది. అదే 50 మంది ఇద్దరేసి చొప్పున కార్లలో పోతే 25 కార్లు కావాలి. ఒక్కొక్కదానికి 7 మీటర్ల చొప్పున 175 మీటర్లు. రోడ్డు విశాలంగా ఉన్నప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు. రోడ్డు ఇరుకైనప్పుడు మాత్రం ప్రతి మీటరూ బంగారమే. కనక దారి మళ్ళించేటప్పుడు ముందుగా ఆలోచించవలసింది బస్సును గురించి. ఆగిపోయిన బస్సు ఒకటి కదిలితే, 50 మంది కదిలినట్టు.

దారి మళ్ళించినచోట పోలీసువారు తరచు కుడివైపు తిరగడం ఆపుతారు. అదెందుకో చెప్పగలరా? మనదేశంలో బండ్లు రోడ్డుకు ఎడమపక్కన పోతాయి. ఎడమకు తిరిగే బండి ఎవరికీ అడ్డం రాదు. కుడికి తిరిగే బండి ఎదురుగా వచ్చేవాటిని కోసుకుంటూ పోవాలి. అది తిరిగేదాకా వెనకవాళ్ళూ ఆగాలి, ఎదుటివాళ్ళూ ఆగాలి. అందుకే "ఇక్కడ తిరగకు, ముందుకు పోయి చుట్టి రా" అంటారు. ఒక్కడు నాలుగడుగులు ఎక్కువ పోవడంవల్ల వందమంది ఆగకుండా పోతారు.

సరే, ఊరివాళ్ళు ఇట్లా చుట్లు తిరుగుతూ ఉండగా, కొండకింద ఏం జరుగుతున్నదో చూద్దాం. ఇరుకుచోట వంతెన కట్టడానికి ఇంజనీర్లు ఒక మంచి ఉపాయం చేశారు. వంతెనకు మధ్యన ఒక వెన్నెముక, రెండువైపులా రెక్కలు! పక్షిని తలుచుకోండి. వెన్నెముకను మోయడానికి రోడ్డుమధ్య ఒక్క స్తంభాల వరస చాలు. ఆరు వరసల రోడ్డును మామూలు పద్ధతిలో మోయాలంటే రెండేసి స్తంభాలో, అంతకంటె ఎక్కువో కావాలి. అప్పుడు కిందిరోడ్డుకు చోటు మిగలదు.

ఆ వెన్నెముకను ముక్కలు ముక్కలుగా వేరేచోట కాంక్రీటుతో పోతపోసి, తెచ్చి, పైకెత్తి, ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. మరి ఆ ముక్కలు గాలిలో ఎట్లా నిలుస్తాయి? మీరే పరీక్ష చేసి చూడండి. ఒకే సైజు పుస్తకాలు ఏడో, ఎనిమిదో బల్లమీద వరసగా నిలబెట్టండి. రెండు అరచేతులతో రెండు చివరలనుంచీ గట్టిగా నొక్కి పైకెత్తండి. మధ్యపుస్తకాల కింద ఏ ఆధారమూ లేదు. అయినా పడవు! చేతులు వదులు చేశారో, ధబ్బున పడతాయి. వంతెనలో మీ చేతులు చేసేపని ఉక్కుతీగల మోకులు చేస్తాయి. ముక్కల లోపలినుంచి ఆ మోకులను పోనిచ్చి, యంత్రాలతో బిగలాగి, చివరలు కట్టేస్తారు. ముక్కలన్నీ ఒకదానికొకటి అదుముకుని ఒకే దూలంలాగా పనిచేస్తాయి. వెన్నెముక నిలిచిన తరవాత రెండుపక్కలా రెక్కలు తగిలిస్తారు.

రోడ్డు పనులు చూసేవాళ్ళు ఒకమాట అంటూ ఉంటారు: "రేకులు అడ్డం పెట్టారు గాని, లోపల ఒక్క మనిషి లేడు. పనే జరగడం లేదు!" కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. కాని కాంక్రీటు సంగతి కూడా తెలుసుకోవాలి. అది ఎండి గట్టిపడదు. అందులోని సిమెంటు నీటితో కలిసి రసాయనిక మార్పు చెంది గట్టిపడుతుంది. కనక పోసిన తరవాత కనీసం వారంరోజులు దాన్ని తడిగా ఉంచాలి. అది ఎంత గట్టిదో తేల్చడానికి ఇంజనీర్లు 28 రోజుల లెక్క పెట్టుకుంటారు. మనుషులెవరూ కనిపించని రోజున కూడా కాంక్రీటు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ముక్కలను వేరేచోట పోయడంలో ఉన్న లాభం కూడా ఇదే. ఆ 28 రోజులు రోడ్డుమీద గాక, యార్డులో గడుస్తాయి.

ఇంతవరకు ఇంజనీర్ల సంగతీ, లెక్కల సంగతీ అయింది. ఇక మనుషుల సంగతి.

ఆ రోజుల్లో నేను విజయవాడ పాతబస్తీలో ఒక బడికి హెడ్మాస్టరుగా ఉన్నాను. మా పిల్లలు కొందరు గొల్లపూడి, ఇబ్రహీంపట్నం వైపునుంచి బస్సులో వచ్చేవారు. దారి మళ్ళించిన తరవాత వాళ్ళు ఒకరోజు ప్రార్థన సమయానికి వచ్చేవారు, ఇంకొక రోజు రెండో గంటకు వచ్చేవారు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పరీక్షనాడు ఆలస్యమైతే ఎట్లా? తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి బెంగపడ్డారు. ఒకాయన, "పిల్లను పరీక్షలు అయ్యేదాకా మా చుట్టాలింట్లో పెడదామా అనుకుంటున్నానండీ," అన్నాడు.

నేను పిల్లలతో ఒక పని చేయించాను. "బస్సు ఎక్కిన వేళా, దిగిన వేళా రోజూ రాసుకోండి," అన్నాను. ఒక పిల్లవాడి పుస్తకంలో ఒక వారం అంకెలు ఇట్లా ఉన్నాయి: 55, 60, 50, 95, 60 నిమిషాలు.

"సగటు ఎంతరా?" అని అడిగాను.

"64 నిమిషాలండీ."

"అయితే పరీక్షనాడు ఎంత ముందు బయలుదేరుతావు?"

వాడు "64" అనబోయి, పుస్తకం వంక మళ్ళీ చూసి ఆగాడు. "95 పట్టిన రోజు ఒకటుందండీ. ఆ రోజే పరీక్ష అయితే?" అన్నాడు.

అదీ తెలుసుకోవలసింది! దారి బాగున్నప్పుడు సగటు చాలు. దారి బాగులేనప్పుడు అన్నిటికంటె ఎక్కువ పట్టిన రోజును చూసుకుని బయలుదేరాలి. మా పిల్లలు రెండు గంటల ముందు బయలుదేరారు. తొందరగా చేరినవాళ్ళు బడి అరుగుమీద కూర్చుని చదువుకున్నారు. పరీక్షలన్నిరోజులూ ఒక్కరు కూడా ఆలస్యం కాలేదు.

ఇంతలో మాకు ఇంకొక సంగతి తెలిసింది. బస్సులు దారి మారినచోట, ఆ మలుపుకు కాస్త ఇవతల, ఒక పాత స్టాపు ఉండేది. మలుపులోనే తిరిగిపోతున్నాయి గనక బస్సులు దానిదగ్గరికి రావడం మానేశాయి. కాని స్టాపు షెడ్డు అట్లాగే ఉన్నది. అక్కడ ఏ బోర్డూ లేదు. ఒకనాడు మధ్యాహ్నం మా పిల్లలిద్దరు అటు నడిచిపోతూ ఉంటే, షెడ్డులో ఒక ముసలమ్మ కూర్చుని ఉన్నది. ఆమె చేతిలో అన్నం క్యారియరు ఉన్నది.

"ఏం బాబూ, ఊళ్ళోకి పోయే బస్సు ఇంకా రాలేదేం? పదకొండింటినుంచీ కూర్చున్నాను," అన్నది.

అప్పటికి పన్నెండున్నర దాటింది. "మామ్మగారూ, బస్సు ఇటు రావడం లేదండీ. వారంరోజులైంది. ఆ మలుపులో మందులషాపు దగ్గర ఆగుతోంది," అన్నాడు పెద్దపిల్లవాడు.

ఆమె చప్పున లేచింది. ఆసుపత్రిలో ఉన్న కొడుక్కు అన్నం పట్టుకుపోతున్నది. ఒంటిగంట దాటితే లోపలికి పోనివ్వరు. పిల్లలు క్యారియరు అందుకుని, ఆమెను నడిపించుకుపోయి బస్సు ఎక్కించారు. ఆమె వేళకు చేరిందో లేదో మాకు తెలియదు.

మర్నాడు ఆ పిల్లలు ఈ సంగతి తరగతిలో చెప్పారు. మందులషాపు ఎంత దూరం? వంద అడుగుల దూరమే! ఆ కొత్త స్టాపు పెట్టినవాళ్ళు బస్సును గురించి ఆలోచించారు, మలుపును గురించి ఆలోచించారు. కాని పాత స్టాపులో కూర్చునేవాళ్ళకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. దారి మళ్ళించడం సగం పని. ఆ సంగతి అందరికీ తెలియజేయడం తక్కిన సగం. రెండో సగం చేయకపోతే మొదటి సగం ఆ ముసలమ్మకు ఏం ఉపయోగపడింది?

పిల్లలు ఒక బోర్డు రాస్తామన్నారు. మొదట వాళ్ళు రాసింది ఏమిటంటే, "రోడ్డు మూసివేయబడినది." మా సోషలు మాస్టారు నవ్వి, "మూసిన సంగతి కళ్ళకే కనిపిస్తున్నదిగదా! షెడ్డులో ఉన్నవాళ్ళకు కావలసిందేమిటి?" అని అడిగారు. ఆలోచించగా ఆలోచించగా రెండో బోర్డు ఇట్లా తయారైంది:

"ఇక్కడ బస్సు ఆగదు. మలుపులో మందులషాపు ముందు ఆగుతుంది. ఇక్కడినుంచి వంద అడుగులు."

చదువురానివాళ్ళ మాటేమిటని ఒక పిల్ల అడిగింది. అందుకని బోర్డుమీద ఒక బస్సు బొమ్మ, దానివైపు పెద్ద బాణం గుర్తు కూడా వేశారు. అక్కడ డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబులు అనుమతి తీసుకుని, దాన్ని షెడ్డు స్తంభానికి కట్టారు. ఆయన తానే తాడు తెచ్చి ముడివేశాడు.

మూడు వారాలకు దారి మళ్ళీ మారింది! బస్సులు ఇంకొక చోట ఆగడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మా బోర్డే జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఏ బోర్డూ లేకపోతే జనం పక్కవాళ్ళను అడుగుతారు. తప్పుబోర్డు ఉంటే అడగకుండా దాన్నే నమ్ముతారు. అంచేత పిల్లలు వంతులు వేసుకుని, రోజూ బడికి వచ్చేటప్పుడు బోర్డును చూసి, దారి మారినప్పుడల్లా కొత్తది రాసేవారు. బోర్డు కింద తేదీ వేయడం కూడా అప్పుడే మొదలుపెట్టారు. తేదీ చూస్తే ఆ మాట ఎంత తాజాదో చదివేవాళ్ళకు తెలుస్తుంది గదా!

ఇప్పుడు విజయవాడ పోతే మీరు హైదరాబాదు బస్సులో వంతెనమీదుగా రెండుమూడు నిమిషాల్లో కొండ దాటిపోవచ్చు. ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఇంకొక పక్క కృష్ణ, ముందు ప్రకాశం బ్యారేజి. చాలా అందంగా ఉంటుంది. అయితే దారి మళ్ళింపులు పూర్తిగా పోయాయనుకోకండి. దసరా నవరాత్రులు వచ్చాయంటే లక్షలమంది అమ్మవారి దర్శనానికి వస్తారు. అప్పుడు మళ్ళీ పెద్ద లారీలు ఇబ్రహీంపట్నం, మైలవరం, నూజివీడు దారి పడతాయి. కొండకూ కృష్ణకూ మధ్య ఉన్న సందు పెరగలేదుగదా!

మీ ఊళ్ళో రోడ్డు తవ్వినప్పుడు మీరు చేయదగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, పటం వేయండి. మూసిన దారిని ఎర్రపెన్సిలుతోనూ, కొత్తదారిని నీలంపెన్సిలుతోనూ గీయండి. రెండోది, అయిదు రోజులు ప్రయాణం పట్టిన వేళ రాసుకోండి. అన్నిటికంటె పెద్ద అంకె కింద గీత గీయండి. మూడోది, బస్సు ఎక్కడ ఆగుతున్నదో కండక్టరును అడిగి తెలుసుకుని, ఇంట్లో తాతయ్యకూ, నాయనమ్మకూ, పక్కింటివాళ్ళకూ చెప్పండి. తవ్విన గుంటల దగ్గరికీ, యంత్రాల దగ్గరికీ మాత్రం పోవద్దు. రేకుల ఇవతల నిలబడి చూస్తే కావలసినంత కనిపిస్తుంది. బోర్డులాంటిది పెట్టాలంటే పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, అనుమతి అడిగి పెట్టండి.

తల్లిదండ్రులకు కూడా ఒకమాట. ఇరుకుదారిలో బస్సు వెనకనుంచి వస్తున్నప్పుడు మీ బండి కాస్త పక్కకు తీసి దారి ఇవ్వండి. అందులో పరీక్షకు పోయే పిల్లలుంటారు. అన్నం క్యారియరు పట్టుకున్న ముసలమ్మ ఉంటుంది.

చివరగా మీకొక లెక్క. ఒక కూడలిలోకి నిమిషానికి 24 బండ్లు వస్తున్నాయి, 18 పోతున్నాయి. ఇట్లా 20 నిమిషాలు జరిగింది. తరవాత వచ్చేవి 14కు తగ్గాయి, పోయేవి 18 గానే ఉన్నాయి. వరస పూర్తిగా తరగడానికి ఎంతసేపు పడుతుంది? ముందు మీరు చేసి, తరవాత మీ నాన్నగారి చేత చేయించండి. ఇద్దరి జవాబులూ కలిశాయో లేదో చూసుకోండి.